జీడితోటలో ఎర్రచీమలు: ఉంచాలా, తీసేయాలా?

ప్రశ్న (వజ్రపుకొత్తూరు): జీడిచెట్ల మీద ఆకులు కుట్టి గూళ్లు కట్టే ఎర్రచీమలు పెరిగాయి. మందు కొట్టేయమని కొందరు, ముట్టుకోవద్దని కొందరు. ఏది మేలు?

జవాబు (పలాస): ఉంచండి బాబూ. లేత చిగురు, పూరెమ్మల రసం పీల్చి మాడ్చేది టీ దోమ అనే పురుగు. ఈ చీమలు దాని పిల్లపురుగుల్ని పట్టుకుపోతాయి, పెద్దవాటిని వాలనివ్వవు. కానీ చెట్టుకు ఓ మూల గూడుంటే చాలదు, చిగుళ్లన్నిటి మీదా చీమలు తిరగాలి. పక్క చెట్టుకు పాకాలంటే కొమ్మ నుంచి కొమ్మకు తాడు కట్టండి.

జవాబు (మందస): వేరే తోట గూళ్లు తెచ్చి కలపకండి, రెండు దండులూ కొట్టుకు చస్తాయి. పైగా రాణి ఉండేది ఏదో ఒక్క గూట్లోనే. అది రాకపోతే తెచ్చిన గూళ్లు కొన్నాళ్లకే ఖాళీ.

ఇంకో చిక్కుంది. రసం పీల్చే పిండినల్లి అనే పురుగు వదిలే తీపి జిగురు, అదే తేనెబంక, దానికోసం ఇవే చీమలు ఆ పురుగును కాపలా కాస్తాయి. బంక మీద నల్లమసి బూజు పెరిగి ఆకుకు ఎండ అందదు. అలాంటి కొమ్మల్ని కోసి కాల్చేయండి. చెట్టంతా సైహలోత్రిన్ పురుగుమందు కొడితే చీమలు పోతాయి, పూతలో తేనెటీగలూ పోతాయి. తర్వాత వచ్చే దోమకు అడ్డుండదు.

ప్రశ్న: జీడిపిక్కలు ఏరేటప్పుడు చీమలు కరవవా?

జవాబు (పలాస): నేల రాలినవే ఏరుతారు కదా, బెడద తక్కువే. చెట్టెక్కాల్సొస్తే చేతులకు, కాళ్లకు పొడి బూడిద రాసుకోండి. చీమకు పట్టు దొరకదు.