దేవుణ్ణి నమ్మనివాడు ఫ్రీమేసన్ లాడ్జిలో చేరవచ్చా?

చీమకుర్తి నుంచి:
గ్రానైటు క్వారీలో లెక్కలు చూస్తాను. మా మామగారి స్నేహితుడు ఒకాయన ఫ్రీమేసన్, అంటే తమకంటూ ప్రమాణాలు, తంతులు ఉన్న ఒక సోదర సంఘంలో సభ్యుడు. లాడ్జి అంటే ఆ సంఘం శాఖ. చాలాకాలంగా నన్నూ చేరమంటున్నారు. పేద పిల్లలకు ఫీజులు కడతారు, పెద్దవాళ్ల పరిచయం దొరుకుతుంది, అంతా నచ్చింది. తీరా దరఖాస్తు చేతికిచ్చాక చూస్తే, సర్వోన్నత శక్తిపై నమ్మకం ఉందా అని ఒక గడి. నాకు లేదు. మా పెళ్లి కూడా పురోహితుడు లేకుండా దండలు మార్చుకుని చేసుకున్నాం. ఆ రోజు అత్తగారు అలిగి భోజనం ముట్టలేదు. “అది నామమాత్రమయ్యా, ఔనని రాసెయ్” అంటున్నారు పెద్దాయన. సభ్యులెవరైనా ఉంటే చెప్పండి.

కావలి లెక్కల మాస్టారు:
రాయకండి. కాగితం మీద దాటేసినా లోపల దాటలేరు. కళ్లకు గంతలు కట్టి తీసుకెళ్లాక, కష్టంలో, ప్రమాదంలో ఎవరిని నమ్ముకుంటావని అందరి ముందూ అడుగుతారు. దేవుణ్ణి అనాలి. తరువాత మోకాలు వంచి గ్రంథం మీద చెయ్యి పెట్టి ప్రమాణం చేయాలి. ఏ గ్రంథమన్నది మీ ఇష్టం. మా పీఠం మీద గీత, బైబిలు, ఖురాన్ పక్కపక్కనే ఉంటాయి. నేను గీత మీద చేశాను, నా పక్కన కూర్చునే మిత్రుడు ఖురాన్ మీద. వాటి మీద పట్టుగుడ్డ దులిపి మడతపెట్టే పని నాదే. ఏ గ్రంథమూ వద్దనేవారికి మాత్రం చోటు లేదు.

తంతు మార్చరని కాదు. ప్రమాణంలో గొంతు కోయడం లాంటి శిక్షల మాటలు ఉండేవి, 1986లో ఇంగ్లండ్ వాళ్లు వాటిని ప్రమాణంలోంచి తీసేశారు. దేవుడి జోలికి మాత్రం పోలేదు. ఫ్రాన్సులో గ్రాండ్ ఓరియంట్ అనే ఫ్రీమేసన్ల సంస్థ 1877లో దేవుణ్ణి నమ్మాలన్న షరతు ఎత్తివేస్తే, ఇంగ్లండ్ వాళ్లు దానితో తెగతెంపులు చేసుకున్నారు. 1961లో మన దేశానికి వేరుగా గ్రాండ్ లాడ్జి, అంటే లాడ్జిల పైసంస్థ, ఏర్పడినా మనది ఇంగ్లండ్ దారే.

ఇంకొకటి. లాడ్జిలో మతం, రాజకీయం చర్చించకూడదు. కాబట్టి చేరాక అభ్యంతరం చెబుదామన్నా అక్కడ నోరెత్తే వీలుండదు. నాకూ ఇది పెద్దగా నచ్చదు.

ఒంగోలు నుంచి:
మాది ఒంగోలులో మిషన్ నడిపిన అమెరికన్ మిషనరీ క్లవ్ దొరగారి కాలం నాటి బాప్టిస్టు కుటుంబం. మాకు చిక్కు అవతలి వైపు నుంచి. నన్ను పిలిచినప్పుడు మా పాస్టరుగారు ఒకటే అడిగారు: “లాడ్జిలో క్రీస్తు పేరెత్తని ప్రార్థనకు ఆమెన్ అంటావా?” అనలేనని మానుకున్నాను. ఈయనకు దేవుడు ఎక్కువయ్యాడు, మాకు చాల్లేదు! కాథలిక్కులకైతే 1738 నుంచే పోపు నిషేధం ఉంది, 2023లో వాటికన్ మళ్లీ గుర్తుచేసింది.

నెల్లూరు నుంచి:
చీమకుర్తి తమ్ముడూ, నేనూ నీ బాపతే. రొట్టెల పండుగకు ఇంటిల్లిపాదీ స్వర్ణాల చెరువుకు వెళతాం. ఆడవాళ్లు ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె అని వెతుక్కుంటూ నీళ్లలో దిగుతారు, నేను గట్టున చెప్పులకు కాపలా. నువ్వు ఎందుకు దిగలేదని ఇంతవరకూ ఎవరూ నిలదీయలేదు. ఇంట్లోవాళ్లతో అలా సర్దుకుపోతాను. కానీ చెయ్యి పెట్టి ప్రమాణం చేయమంటే చేయను. వాళ్ల నియమం వాళ్లది, మార్చమని అడిగే హక్కు బయటివాళ్లకు లేదు.

చీమకుర్తి నుంచి:
దరఖాస్తు తిరిగి ఇచ్చేస్తాను. పెద్దాయన నొచ్చుకుంటారు, తప్పదు. మాస్టారూ, సభ్యుణ్ణి కాకుండా పిల్లల ఫీజులకు చందా ఇస్తే తీసుకుంటారా?

కావలి లెక్కల మాస్టారు:
మా లాడ్జిలో తీసుకుంటాం. రసీదు పుస్తకం నా దగ్గరే ఉంది. అందులో పేరు, ఊరు, మొత్తం, అంతే. ఇంకే గడీ లేదు.