టెస్టు నెగటివ్ వచ్చింది, మళ్ళీ ఇంకో టెస్టా?

సుబ్బు కాకినాడ: రాత్రి తొమ్మిది నుంచీ ఈ కాగితం పట్టుక్కూర్చున్నా. ఒంటిగంటయింది, బుర్ర పనిచేయట్లేదు. డిలీషన్, డూప్లికేషన్ ఏవీ లేవని రిపోర్టులో ఉంది. అంటే జబ్బు లేనట్టేగా? డాక్టరేమో మళ్ళీ రక్తం ఇమ్మంటున్నారు. డబ్బులు గుంజడానికేనా?

కర్నూలోడు: ఏం టెస్టు? ఎవరికి? వయసెంత?

సుబ్బు కాకినాడ: మా బాబుకండీ, ఆరేళ్ళు. ఎంఎల్‌పీఏ అని ఉంది. పిక్కలు చూస్తే పహిల్వాన్‌వే, మెట్లు మాత్రం ఎక్కలేడు. కిందనుంచి లేవాలంటే తొడలమీద చేతులు ఒక్కోటీ ఆనించుకుంటూ లేస్తాడు. రక్తంలో సీపీకే (కండరాలు దెబ్బతింటే పెరిగేదట) 14 వేలు దాటింది.

శాస్త్రి మాస్టారు: మేనరికాలొద్దని ముప్పయ్యేళ్ళుగా మొత్తుకుంటున్నా. వినరు.

లక్ష్మి: మాస్టారూ, ఇది డుషేన్‌లా ఉంది, కండరాలు క్షీణించే జన్యు జబ్బు. ఆ జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది, మగపిల్లలకి అది తల్లి నుంచే వస్తుంది, మేనరికంతో పనిలేదు. మా తమ్ముడికి ఇదే; అమ్మానాన్నలది ఏ చుట్టరికమూ కాదు. సుబ్బుగారూ, ఆ జన్యువులో 79 ఎక్సాన్లు, అంటే ముక్కలు. ఏవైనా ఎగిరిపోయాయా, రెట్టింపయ్యాయా అన్నదే ఎంఎల్‌పీఏ చూస్తుంది. జన్యువు రాతలో ఒక్క అక్షరం మారితే దానికి దొరకదు. నూటికి పాతికమంది దాకా అలాంటివాళ్ళే. డాక్టరుగారు అడిగింది సీక్వెన్సింగ్ అయ్యుంటుంది, జన్యువుని అక్షరం అక్షరం చదివే పరీక్ష. చేయించండి.

శాస్త్రి మాస్టారు: ఇలాంటిదే ఇంకో కండరాల జబ్బుంది, లింబ్ గర్డిల్ అని. ఆ రకాల్లో చాలావాటికి తప్పు జన్యువు తల్లీతండ్రీ ఇద్దరి నుంచీ రావాలి. అక్కడ మేనరికం లెక్కలోకి వస్తుందా, రాదా?

వెంకటేశ్: ఇవన్నీ నరాల బలహీనతేనండీ. బీ12 సూదులు వేయించండి.

కర్నూలోడు: నరాలు కాదు, కండరాలు.

వెంకటేశ్: మా ఊళ్ళో అందరూ నరాలనే అంటారు.

సుబ్బు కాకినాడ: ఇంకోటండీ, మా ఆవిడకి ఇప్పుడు తొమ్మిదో వారం. దీనికీ దానికీ ఏమైనా లంకె ఉందా?

కర్నూలోడు: ఇది మొదట్లోనే చెప్పాల గదా!

లక్ష్మి: బాబులో తప్పెక్కడుందో తేలితేనే కడుపులో బిడ్డకి చూడగలరు. మాయలోంచి చిన్న ముక్క తీసే పరీక్ష 11వ వారం నుంచి చేస్తారు, సీక్వెన్సింగ్ రిపోర్టుకే వారాలు పడుతుంది. తల్లులందరూ వాహకులు (తప్పు జన్యువు మోసేవాళ్ళు) కారు, మూడింట రెండొంతుల మందే. ఆవిడ రక్తం కూడా ఇప్పించండి. హైదరాబాద్ నిమ్స్‌లో మెడికల్ జెనెటిక్స్ విభాగం ఉంది. తొమ్మిదో వారం అన్న సంగతి అక్కడ ముందే చెప్పండి.

శాస్త్రి మాస్టారు: 'కండరాల బలహీనత' కూడా తప్పే. 'కండర క్షీణత' అనాలి.

వెంకటేశ్: పేరు మారిస్తే తగ్గుతుందా మాస్టారూ?

సుబ్బు కాకినాడ: పొద్దున బండికి వెళ్తున్నామండీ. థాంక్స్ అక్కా.

శాస్త్రి మాస్టారు: తగ్గుతుందని నేనన్నానా?