డిసెంబర్‌లో రోవానియెమి: పిల్లలు, అమ్మానాన్నలతో సాంటా దగ్గరికి ఏమేం సర్దుకోవాలి?

రీడింగ్ అమ్మ
అందరికీ నమస్కారం. క్రిస్మస్ సెలవులు మొదలవగానే ఇంగ్లాండ్ నుంచి ఫిన్‌లాండ్‌లోని రోవానియెమికి వెళ్తున్నాం. మేమిద్దరం, ఎనిమిదేళ్ల పాప, నాలుగేళ్ల బాబు, తెనాలి నుంచి వచ్చే మా అమ్మానాన్నలు. పిల్లలవి బ్రిటిష్ పాస్‌పోర్టులు, పెద్దవాళ్లవన్నీ ఇండియన్. బట్టలు ఎలాంటివి కొనాలి? వీసా పని ఎప్పుడు మొదలుపెట్టాలి? సాంటాను కలవడానికి టికెట్ ఉంటుందా? అరోరా, అదే రాత్రి ఆకాశంలో మెరిసే రంగుల వెలుగు, కనిపిస్తుందా? అమ్మ చీర తప్ప వేరే కట్టదు. నాన్నకి షుగర్, ఇన్సులిన్ వాడతారు. వాళ్లిద్దరి గురించే నాకు ఎక్కువ టెన్షన్.

ఔలు తమ్ముడు
అక్కా, నేను ఫిన్‌లాండ్‌లోనే ఔలు ఊళ్లో చాలా ఏళ్లుగా ఉద్యోగం చేస్తున్నా. రోవానియెమి మాకు రెండు వందల కిలోమీటర్ల పైచిలుకు. ఇండియా నుంచి ఎవరొచ్చినా తీసుకెళ్లేది నేనే. బట్టల గురించి నా మాట వినండి. బయట వేసుకునే లావు జాకెట్ల మీద డబ్బు తగలేయకండి. హస్కీ కుక్కల బండి, స్నోమొబైల్ (మంచు మీద నడిచే మోటారు బండి) సఫారీలు నడిపే కంపెనీలు చాలావరకు ఒంటినిండా కప్పే ఓవరాల్, బూట్లు వాళ్లే ఇస్తారు. బుక్ చేసేటప్పుడు అడగండి. మీరు ఖర్చు పెట్టాల్సింది ఒంటికి ఆనుకునే మెరినో ఉన్ని థర్మల్స్, ఉన్ని సాక్సుల మీద. కాటన్ బనియన్ వద్దే వద్దు. చెమట పీల్చుకుని తడిగా ఉండిపోతుంది, ఆ తడే చలి పుట్టిస్తుంది. బూటు ఒక సైజు పెద్దది తీసుకోండి. రెండు జతల సాక్సులు వేసి బిగించేస్తే లోపల గాలి ఉండదు, కాలి వేళ్లు మొద్దుబారతాయి. పిల్లలకి వేళ్ల గ్లవ్స్ కాదు, నాలుగు వేళ్లూ కలిసి ఉండే మిట్టెన్స్ కొనండి.

కమ్మటి పప్పు
బట్టలు ఎక్కడైనా దొరుకుతాయి, తిండి చూసుకోండి! మా ఆయన శాకాహారి. అక్కడ రెస్టారెంట్లలో ఎక్కడ చూసినా రెయిన్‌డీర్ మాంసం, సాల్మన్ చేప. హోటల్ వద్దు, వంటిల్లున్న కాటేజీ తీసుకోండి. మేము కందిపప్పు, చింతపండు, గోంగూర పచ్చడి, డబ్బాడు నెయ్యి, ఇంత కరివేపాకు తీసుకెళ్లాం. మంచు కురుస్తుంటే వేడివేడి పప్పన్నం తినడంలో ఉన్న సుఖం ఏ సఫారీలోనూ రాలేదు.

ఔలు తమ్ముడు
మేడమ్, ఇలాంటి సలహా ఇవ్వకండి. యూరోపియన్ యూనియన్ బయటి నుంచి వచ్చేవాళ్లు పాల ఉత్పత్తులు, మాంసం తేకూడదు. నెయ్యి కూడా అందులోదే. బ్రెగ్జిట్ తర్వాత లండన్ నుంచి వచ్చినా అదే రూలు. పచ్చి కరివేపాకుకి మొక్కల ఆరోగ్య సర్టిఫికెట్ ఉండాలి.

కమ్మటి పప్పు
మమ్మల్ని ఎవరూ ఆపలేదు. నెయ్యి లేకుండా పసివాడికి అన్నం ఎలా పెడతారండీ? ఊరికే జనాన్ని భయపెట్టడం కాకపోతే!

ఔలు తమ్ముడు
ఆపకపోతే రూలు లేనట్టా? పట్టుకుంటే డబ్బా అక్కడే పారేస్తారు, జరిమానా కూడా పడొచ్చు. డెబ్బై ఏళ్ల పెద్దాయన్ని, ఇంగ్లిష్ రాని అమ్మమ్మని కస్టమ్స్ గదిలో కూర్చోబెట్టించే సలహా ఇది. అందుకే గట్టిగా చెప్తున్నా.

డబ్లిన్ బాబాయ్
ఇద్దరూ కాస్త శాంతించండి. పసిపిల్లల పాలపొడికి రెండు కిలోల దాకా మినహాయింపు ఉంది. బిస్కెట్లు, కేకులు, మాంసం లేని మిఠాయిలకీ ఉంది. పప్పులు, కారప్పొడి, నూనె పచ్చళ్లతో ఇబ్బంది లేదు. నెయ్యి కావాలంటే అక్కడి సూపర్‌మార్కెట్లో వెన్న కొని కాటేజీలోనే కాచుకోండి. ఉప్పు లేనిది కావాలంటే ప్యాకెట్ మీద ‘సువోలటోన్’ అని ఉందో లేదో చూసుకోండి, అక్కడ ఉప్పు వెన్నే ఎక్కువ. బాస్మతి బియ్యం, చిక్కటి టర్కిష్ పెరుగు దొరుకుతాయి. పెరుగన్నానికి లోటు లేదు.

కమ్మటి పప్పు
వెన్న కాచుకోమన్న మాట ముందే చెప్పి ఉంటే సరిపోయేది కదా. కరివేపాకు ఎండబెట్టి పొడి చేసుకుని తీసుకెళ్లండి రీడింగ్ అమ్మగారూ.

అరోరా పిచ్చోడు
డిసెంబర్ ఎందుకండీ? రోవానియెమిలో సంవత్సరం మొత్తం మీద పగలు మరీ పొట్టిగా ఉండేది అప్పుడే. సూర్యుడు పదకొండు దాటాక వచ్చి ఒకటిన్నర లోపే వెళ్లిపోతాడు. పైగా నవంబర్, డిసెంబర్ నెలల్లో మబ్బులెక్కువ, మబ్బుంటే అరోరా ఎంత బలంగా ఉన్నా మీకు కనిపించదు. ఫిబ్రవరి చివర్లోనో మార్చిలోనో వెళ్లండి. ఆకాశం తేటగా ఉంటుంది, పగలూ ఉంటుంది, మంచు కూడా మంచి లోతుగా ఉంటుంది. ఎప్పుడెళ్లినా ఊరి దీపాలకి దూరంగా పోవాలి. ఫోన్, పవర్‌బ్యాంక్ జాకెట్ లోపలి జేబులో పెట్టుకోండి, చలికి బ్యాటరీ చటుక్కున పడిపోతుంది. కెమెరాను గదిలోకి తెచ్చే ముందే జిప్ కవర్లో పెట్టి మూసేయండి, లేకపోతే లెన్స్ నిండా నీటి ఆవిరి పడుతుంది.

క్రాయిడన్ నాన్న
ఆమె అడిగింది సాంటా గురించి. మార్చిలో సాంటాను చూపిస్తే నాలుగేళ్లవాడికి ఏం పండగ?

అరోరా పిచ్చోడు
సాంటా క్లాజ్ విలేజ్‌లో సాంటా 365 రోజులూ ఉంటాడు. డిసెంబర్‌లో పిల్లల్ని గంటలకొద్దీ క్యూలో నిలబెట్టడం పండగా? ఆలోచించండి.

క్రాయిడన్ నాన్న
బడి ఉన్న రోజుల్లో తీసుకెళ్తే ఇంగ్లాండ్‌లో జరిమానా వేస్తారు. ఒక్కో పిల్లకి, తల్లికీ తండ్రికీ విడివిడిగా 80 పౌండ్లు, అదీ 21 రోజుల్లో కడితేనే. పిల్లలున్నవాళ్ల కష్టం మీకు తెలియదు.

అరోరా పిచ్చోడు
నాకూ పిల్లలున్నారు సార్. ఫిబ్రవరిలో హాఫ్‌టర్మ్, అంటే టర్మ్ మధ్యలో ఇచ్చే సెలవులుంటాయి. మాట జారకండి.

హైదరాబాద్ పిన్ని
గొడవ పడుతూ సాంటా ప్రశ్నకి జవాబే ఇవ్వలేదు మీరు. అమ్మా, ఆ విలేజ్ రోవానియెమి ఊరికి ఎనిమిది కిలోమీటర్ల దూరంలో, ఆర్కిటిక్ వలయం గీత గీసి చూపించే చోట ఉంది. రైల్వే స్టేషన్ దగ్గర 8వ నంబర్ బస్సు ఎక్కితే దింపేస్తుంది. లోపలికి టికెట్ లేదు, సాంటాను కలవడానికీ లేదు. ఆయన గదిలో మన ఫోన్లతో ఫోటోలు తీయనివ్వరు, వాళ్లు తీసిన ఫోటో, వీడియో కావాలంటే కొనుక్కోవాలి, లేకపోతే లేదు. పొద్దున్నే తెరిచే వేళకి వెళితే క్యూ తక్కువ. దగ్గర్లోనే భూమి లోపల గుహలో ఉండే సాంటాపార్క్ వేరు, దానికి టికెట్ ఉంది. బుక్ చేసేటప్పుడు రెండూ ఒకటే అనుకోకండి. పోస్టాఫీసు మాత్రం వదలకండి. ఆర్కిటిక్ వలయం ముద్రతో ఉత్తరం పంపొచ్చు. వచ్చే క్రిస్మస్‌కి అందేలా వేసే డబ్బా విడిగా ఉంది. మా మనవరాలు అందులో వేసింది.

క్రాయిడన్ నాన్న
ఆ విలేజ్‌లో 1950లో అమెరికా మాజీ అధ్యక్షుడి భార్య ఎలియనోర్ రూజ్‌వెల్ట్ వచ్చినప్పుడు కట్టిన చెక్క ఇల్లు ఇప్పటికీ ఉంది, అదీ చూడండి. 1944లో జర్మన్ సైన్యం వెనక్కి పోతూ రోవానియెమిని కాల్చి బూడిద చేసింది. మళ్లీ కట్టేటప్పుడు ఊరి నక్షాను ఆర్కిటెక్ట్ ఆల్వార్ ఆల్టో రెయిన్‌డీర్ కొమ్ముల ఆకారంలో గీశాడు. పాపకి ఎనిమిదేళ్లు కాబట్టి ఆర్కిటికమ్ మ్యూజియం నచ్చుతుంది. సాంటా ఒక్కడి కోసమే అంత దూరం వెళ్లి రాకండి.

హైదరాబాద్ పిన్ని
చరిత్ర తర్వాత. మీ అమ్మగారికి చీరతో అక్కడ కుదరదు, ఇప్పటి నుంచే చెప్పి ఒప్పించండి. ఓవరాల్ చీర మీద ఎక్కదు. థర్మల్ లెగ్గింగ్ మీద వదులు చుడీదార్ వేసుకుంటే దాని మీద ఓవరాల్ సరిగ్గా పడుతుంది. గది లోపల వెచ్చగానే ఉంటుంది, అక్కడ హాయిగా చీర కట్టుకోవచ్చు. గాజులు, చెవి కమ్మలు బయటికి వెళ్లేటప్పుడు తీసేయమనండి. మైనస్ ఇరవైలో లోహం చర్మానికి తగిలితే సూదిలా గుచ్చుతుంది. అన్నిటికంటే ముందు, బూట్లకి తొడిగే ముళ్ల పట్టీలు ఇద్దరికీ కొనండి. పెద్దవాళ్లకి చలి కంటే జారిపడటమే ప్రమాదం.

నర్సమ్మ
నాన్నగారి సంగతి. ఇన్సులిన్ గడ్డకడితే పాడైపోతుంది, కరిగాక కూడా వాడకూడదు. విమానంలో చేతి సంచిలోనే పెట్టండి, బయట తిరిగేటప్పుడు చొక్కా లోపల ఒంటికి దగ్గరగా ఉంచండి. గ్లూకోమీటర్ కూడా విపరీతమైన చలిలో పనిచేయదు, గదిలోకి వచ్చి చూసుకోవాలి. షుగర్ వల్ల కాళ్లలో స్పర్శ తగ్గి ఉంటే చలికి వేళ్లు దెబ్బతిన్నా ఆయనకి తెలియదు. మధ్యమధ్య లోపలికి తీసుకెళ్లి సాక్సు విప్పి మీరే చూడండి. బీపీ ఉంటే ముందే డాక్టర్‌తో మాట్లాడండి, చలికి అది పెరుగుతుంది. ప్రయాణ బీమా తీసుకునేటప్పుడు షుగర్ ఉందని దాచకండి.

కమ్మటి పప్పు
నాలుగేళ్ల బాబుకి స్ట్రోలర్ తీసుకెళ్లకండి, మంచులో చక్రాలు కదలవు. అక్కడందరూ ‘పుల్కా’ అనే ప్లాస్టిక్ బండి మీద పిల్లల్ని లాగుతారు, సూపర్‌మార్కెట్లో దొరుకుతుంది.

ఔలు తమ్ముడు
ఇది మంచి మాట. కానీ బండిలో కదలకుండా కూర్చున్న పిల్లాడికి, నడిచే మీకంటే ముందు చలేస్తుంది. కింద గొర్రె తోలో దుప్పటో వేయండి, కాసేపటికోసారి దింపి పరిగెత్తించండి. స్నోమొబైల్ మీద చిన్నపిల్లల్ని ఎక్కనివ్వరు, గైడ్ తన బండి వెనక కట్టి లాక్కెళ్లే స్లెడ్జిలో కూర్చోబెడతారు. నడిపేవాళ్లకి డ్రైవింగ్ లైసెన్స్ ఉండాలి. హెల్సింకి నుంచి రాత్రి రైలు అయితే డిసెంబర్ టికెట్లు తొందరగా అయిపోతాయి, పక్కపక్క క్యాబిన్లు చూసుకుని ఇప్పుడే తీసుకోండి.

రీడింగ్ అమ్మ
అందరికీ ధన్యవాదాలు. పిన్నిగారూ, అమ్మతో మాట్లాడాను, చుడీదార్‌కి సరేనంది. వీసా సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు. అమ్మానాన్నలు అక్టోబర్‌లో ముందు మా దగ్గరికి వస్తారు. లండన్‌లోనే షెంగెన్ వీసాకి (ఫిన్‌లాండ్‌తో పాటు చాలా యూరప్ దేశాలకి పనికొచ్చే వీసా) అప్లై చేయించొచ్చా?

డబ్లిన్ బాబాయ్
వద్దమ్మా, అలా ప్లాన్ చేయకండి. షెంగెన్ వీసాకి నివాసం ఉన్న దేశంలోనే అప్లై చేయాలి. విజిటర్ వీసా మీద వచ్చినవాళ్లు తమ దేశంలో ఎందుకు అప్లై చేయలేకపోయారో కారణం చూపించాలి, తిప్పి పంపేయడమే ఎక్కువ. వాళ్లు తెనాలిలో ఉండగానే ముందు యూకే వీసా తీసుకుని, పాస్‌పోర్టులు చేతికొచ్చాక ఫిన్‌లాండ్‌కి పెట్టించండి. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచే తీసుకుంటారు. మామూలుగా 15 రోజుల్లో తేలుస్తారు గానీ అపాయింట్‌మెంట్ దొరకడమే కష్టం. పెద్దవాళ్లకి ఫీజు 90 యూరోలు. వైద్య బీమా కనీసం 30,000 యూరోలకి ఉండాలి. మీ ఇద్దరిదీ యూకేలోనే. పిల్లలకి వీసా అక్కర్లేదు.

రీడింగ్ అమ్మ
ఈ రాత్రికే నాన్నకి ఫోన్ చేసి పాస్‌పోర్టుల గడువు తేదీలు చూడమంటాను.