గేమింగ్ పరిశ్రమ సినిమా కంటే పెద్దదంటున్నారు, ఆ లెక్క నమ్మొచ్చా?

కొర్లగుంట వాసి:
మొన్న తిరుపతిలో ఒక కోచింగ్ సెంటర్ వాళ్ళు గేమ్ డిజైన్ కోర్సు గురించి మీటింగ్ పెట్టినారు. "సినిమా, సంగీతం రెండూ కలిపినా గేమింగ్ అంత లేదు" అని తెర మీద పెద్ద అక్షరాల్లో వేసినారు. ఫీజు లక్షా ఎనభై వేలు. మా తమ్ముడు చేరతానని పట్టుపట్టి కూర్చున్నాడు. నాయన మామిడితోట మీద అప్పు తెస్తానంటున్నాడు. ఆ మాట నిజమేనా? తెలిసినోళ్ళు చెప్పండి.

బైపాస్ రోడ్ గేమర్:
నిజమే అన్నా. న్యూజూ అనే సంస్థ అంచనాలో 2023లో ప్రపంచమంతా ఆటల మీద పెట్టిన ఖర్చు 18,000 కోట్ల డాలర్లు దాటింది. సినిమా థియేటర్ల వసూళ్ళు కరోనాకు ముందు, 2019లో, సుమారు 4,200 కోట్ల డాలర్లు. జీటీఏ 5 ఆట 2013లో మూడు రోజుల్లోనే వంద కోట్ల డాలర్లు అమ్ముడుపోయింది. ఆటలు చేసే యాక్టివిజన్ బ్లిజార్డ్ కంపెనీని 6,870 కోట్ల డాలర్లకు కొంటామని 2022లో మైక్రోసాఫ్ట్ ప్రకటించింది. డబ్బు లేనిచోట అంత పెడతారా?

చిత్తూరు లెక్కల సార్:
నాయనా, అంకెలు తప్పు కాదు, పక్కపక్కన పెట్టిన తీరు తప్పు. సినిమా వైపు థియేటర్ టికెట్లు మాత్రమే తీసుకున్నారు. ఓటీటీ, టీవీ హక్కుల డబ్బు వదిలేశారు. ఆటల వైపు ఫోను, కంప్యూటర్, కన్సోల్ (టీవీకి తగిలించి ఆడే పెట్టె) అన్నీ కలిపేశారు. అందులో దాదాపు సగం ఫోన్ ఆటలదే.

ఇంకోటి. అది ఆడేవాడి జేబులోంచి పోయిన డబ్బు, చేసినవాడికి అందింది కాదు. యాపిల్, గూగుల్ యాప్ దుకాణాలు, కంప్యూటర్ ఆటలమ్మే స్టీమ్ అనే ఆన్‌లైన్ దుకాణం ఏళ్ళ తరబడి నూటికి 30 తీసుకుంటూ వచ్చాయి. మిగిలినదాంట్లో ప్రకటనల ఖర్చు, పబ్లిషర్ వాటా పోవాలి. మన తోతాపురి సంగతే చూడు. 2025లో కిలోకి ఫ్యాక్టరీలు 8 రూపాయలు ఇవ్వాలని చెప్పి, ప్రభుత్వం 4 రూపాయలు కలపాల్సి వచ్చింది. అంగట్లో మామిడి జ్యూస్ సీసా ధరలన్నీ కూడి "మామిడి రైతు ఆదాయం ఇంత" అంటే మీ నాయన ఒప్పుకుంటాడా?

ఖర్చు కూడా చూడాలి. స్పైడర్‌మ్యాన్ 2 ఆటకు సుమారు 30 కోట్ల డాలర్లు అయిందని లీకైన కాగితాల్లో బయటపడింది. సోనీ 2024 ఆగస్టులో విడుదల చేసిన కాంకార్డ్ అనే ఆటను రెండు వారాల్లోనే ఆపేసి, కొన్నవాళ్ళకు డబ్బు వాపసు ఇచ్చింది. అదే ఏడాది జనవరిలో మైక్రోసాఫ్ట్ గేమింగ్ విభాగంలో 1,900 మందిని, ఫిబ్రవరిలో సోనీ 900 మందిని తీసేస్తామన్నాయి. పరిశ్రమ పెద్దదే. అందులో ఉద్యోగం దొరుకుతుందా అన్నది వేరే ప్రశ్న.

బైపాస్ రోడ్ గేమర్:
సార్, టికెట్ డబ్బులోనూ థియేటర్ వాటా, డిస్ట్రిబ్యూటర్ వాటా ఉంటాయి కదా. మొత్తానికి మొత్తం పోల్చడంలో తప్పేముంది? స్టార్‌డ్యూ వ్యాలీ అనే ఆటను ఎరిక్ బరోన్ అనే ఒక్క మనిషి నాలుగేళ్ళకు పైగా కూర్చుని చేశాడు. 4 కోట్ల కాపీలు దాటింది.

చిత్తూరు లెక్కల సార్:
వాటాల మాట ఒప్పుకుంటున్నా. కానీ ఆ ఒక్కడి పక్కన స్టీమ్‌లో ఏటా వేల ఆటలు పడుతున్నాయి. పెట్టుబడి కూడా తిరిగిరానివాళ్ళ పేర్లు తెర మీద ఎవరూ వేయరు.

పలమనేరు అక్క:
మన దేశం లెక్క ఎవరూ ఎత్తలేదు. భారత గేమింగ్ మార్కెట్ అని ఇన్నాళ్ళూ చూపించిన అంకెల్లో పెద్ద భాగం రమ్మీ, ఫాంటసీ క్రికెట్ లాంటి పందెం ఆటలదే. ఆన్‌లైన్ రమ్మీని మన రాష్ట్రం 2020లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటా డబ్బు ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది. ఆ సొమ్ము తీసేస్తే మిగిలేది చాలా చిన్నది. ఫోన్ ఆటల డౌన్‌లోడ్లలో మనమే ముందున్నాం, డబ్బు పెట్టి కొనడంలో బాగా వెనకున్నాం. మన పిల్లలు ఎగబడి ఆడే తుపాకుల ఆట బీజీఎంఐ కూడా కొరియా కంపెనీ క్రాఫ్టన్‌ది. తమ్ముడూ, పోయిన బ్యాచ్‌లో ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, జీతమెంత, ఆ రెండూ రాతలో అడుగు.

కొర్లగుంట వాసి:
అడిగినాను అక్కా. రాసిస్తామన్నారు, నాలుగు రోజులైనా రాలేదు. అప్పు కాగితాల మీద సంతకం పెట్టొద్దని నాయనకి చెప్పినా. తమ్ముడు అలిగి ఒకపూట అన్నం మానేసినాడు. ఆటలు తయారుచేసే గోడాట్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది కదా, సంక్రాంతి లోపల చిన్న ఆట ఒకటి చేసి చూపించు, ఫీజు నేనే కడతానన్నా. నిన్న రాత్రి రెండింటిదాకా దానిముందే కూర్చున్నాడు.