కండెన్స్‌డ్ మిల్క్ డబ్బాను సీల్ తీయకుండా స్లో కుక్కర్‌లో పెట్టొచ్చా?

మీగడతరక: పాల క్యారమెల్ సాస్ చేద్దామనుకుంటున్నాను. సీల్ తీయని డబ్బాను స్లో కుక్కర్‌లో (తక్కువ వేడి మీద గంటల తరబడి ఉడికించే కరెంటు పాత్ర) నీళ్లలో ముంచి 8 గంటలు వదిలేయమని కొందరు చెబుతున్నారు. డబ్బా మీదేమో తెరవకుండా వేడి చేయొద్దని రాసి ఉంది. టెన్షన్‌గా ఉంది, ఎవరి మాట వినాలి?

నిదానం: నేను చాలాసార్లు డబ్బాతోనే చేశానండి. పొయ్యి మీదైతే నీళ్లు ఇగిరిపోతాయన్న భయం ఉంటుంది. స్లో కుక్కర్‌లో ఆవిరి మూతకు తగిలి మళ్లీ లోపలికే కారుతుంది, నీళ్లు పెద్దగా తగ్గవు. చుట్టూ నీళ్లున్నంతసేపు డబ్బా వేడి 100 డిగ్రీలు దాటదు. ఇక పేలేదెలా?

వెన్నముద్ద: నీళ్ల సంగతి నిజమే నిదానం గారూ. కానీ నా చేయి కాలింది డబ్బా కుక్కర్‌లో ఉన్నప్పుడు కాదు, బయటికి తీశాక. పైన ముట్టుకుంటే గోరువెచ్చగానే ఉంది కదా అని ఓపెనర్ గుచ్చాను. లోపలి ఒత్తిడికి వేడి పాకం చిమ్మి మణికట్టు మీద పడింది. అది నీళ్లలా జారిపోదు, అతుక్కుని కాలుస్తూనే ఉంటుంది. మచ్చ ఇప్పటికీ పోలేదు.

పైగా డబ్బాలో రంగు కనిపించదు. ఈ వంటలో చూసుకోవాల్సింది రంగే కదా! అందుకే ఇప్పుడు గాజు సీసాల్లో పోస్తున్నాను. వేడిని తట్టుకునే సీసాలే వాడాలి. పైన అంగుళం ఖాళీ ఉంచి, మూత వదులుగా పెడతాను. కుక్కర్ అడుగున మడతపెట్టిన గుడ్డ వేసి, సీసాలు నిలబెట్టి, పాల మట్టం కంటే కాస్త పైకి వచ్చేలా గోరువెచ్చని నీళ్లు పోస్తాను. కుక్కర్‌ను ‘లో’ (తక్కువ వేడి) సెట్టింగ్ మీద పెడితే 8 గంటలకు లేత గోధుమ రంగు, 10 గంటలకు ముదురు రంగు వస్తుంది. అయ్యాక కుక్కర్ ఆపి, సీసాల్ని ఆ నీళ్లలోనే చల్లారనివ్వాలి. వేడి సీసాకు చన్నీళ్లు తగిలితే పగులుతుంది.

పాలకావడి: డబ్బా పాలు ఎందుకండీ, మామూలు పాలతోనే చేయొచ్చుగా? లీటరు చిక్కటి పాలు, పావు కిలో పంచదార, పావు చెంచా వంటసోడా చాలు. పాలు చిక్కబడే కొద్దీ వాటిలోని పులుపు కూడా చిక్కబడి విరిగే ప్రమాదం ఉంది. సోడా ఆ పులుపును తగ్గిస్తుంది, రంగు కూడా త్వరగా తెస్తుంది. రుచి మాత్రం దీనిదే.

వెన్నముద్ద: రుచిలో మీతో వాదించను. కానీ పాలల్లో 87 శాతం దాకా నీళ్లే. అవి పోవాలి, స్లో కుక్కర్ మూతేమో వాటిని పోనివ్వదు.

పాలకావడి: అందుకే మూత పూర్తిగా తీసేస్తాను. చివర చిక్కబడటానికి పొయ్యి మీదికి మార్చి, అడుగంటకుండా కలుపుతూనే ఉంటాను. శ్రమేనని ఒప్పుకుంటాను.

నిదానం: ఒక మాట. చక్కెర కరిగి క్యారమెల్ కావాలంటే 160 డిగ్రీలు దాటాలి కదా. మరి 100 లోపే ఇది ఎలా ఎరుపెక్కుతుంది?

పాలకావడి: ఇక్కడ జరిగేది చక్కెర కాలడం కాదండీ. పాల ప్రొటీన్లు, పాలచక్కెర కలిసి మెల్లగా రంగు మారతాయి, దాన్నే మెయిలార్డ్ చర్య అంటారు. తక్కువ వేడి, ఎక్కువ సమయం ఉంటే చాలు.

నిదానం: అయితే ఎక్కువ సమయం పడుతుందన్నది లోపం కాదన్నమాట. వెన్నముద్ద గారి చేయి గురించి చదివాక డబ్బా పద్ధతి సురక్షితమని ఇంకొకరికి చెప్పలేను. ఈసారి సీసాలతోనే చేస్తాను. చల్లారేసరికి మూతలు వాటంతటవే బిగుసుకుంటే అల్మరాలో దాచుకోవచ్చా?

వెన్నముద్ద: వద్దండీ! పాలల్లో పులుపు తక్కువ. బొటులిజం అనే ప్రమాదకరమైన ఆహార విషబాధను తెచ్చే సూక్ష్మజీవి బీజాలు 100 డిగ్రీలకు చావవు. చల్లారగానే ఫ్రిజ్‌లో పెట్టి, రెండు వారాల్లో వాడేయండి.

మీగడతరక: రాత్రి రెండు సీసాలు పెట్టాను, 9 గంటలు ఉంచి తీశాను. రంగు బాగా వచ్చింది, కానీ ఫ్రిజ్‌లో గట్టిపడి గరిటె దిగడం లేదు. సాస్‌లా జారాలంటే?

పాలకావడి: కావలసినంత తీసి, చెంచాడు వేడి పాలు పోసి చిలకండి. చాలకపోతే ఇంకో చెంచా. ఒకేసారి పోస్తే పలచనైపోతుంది.