నిట్టాడు లేని రెక్క: ‘గ్లైడ్’ అంటే తేలడమా, జారడమా?

ప్రశ్న:
మిత్రులకు నమస్కారం. పిల్లల విజ్ఞాన పుస్తకం కోసం, పోటీలకు వాడే హ్యాంగ్ గ్లైడర్ (కింద మనిషి వేలాడుతూ ఎగిరే, ఇంజను లేని గుడ్డరెక్క) నిర్మాణం మీద ఒక అధ్యాయం రాస్తున్నాను. ‘గ్లైడ్’కు ‘తేలు’ అని నేను రాస్తే, పరిష్కర్త దాన్ని ‘జారు’ అని దిద్దారు. కాలు జారినా నోరు జారినా నష్టమే కనుక ఆ మాట నాకు రుచించడం లేదు. పెద్దలు తేల్చగలరు.

సమాధానం:
మీ పరిష్కర్త గారి దిద్దుబాటే సరైనదని నా అభిప్రాయం. నీటిమీద బెండు తేలుతుంది, వేడిగాలి నింపిన బుడగ ఆకాశంలో తేలుతుంది; చుట్టూ ఉన్నదానికంటే అవి తేలిక. ముప్పై కిలోలకు పైగా బరువుండి, కింద ఒక మనిషిని వేలాడదీసుకున్న రెక్కకు ఆ సౌకర్యం లేదు. అది తన చుట్టూ ఉన్న గాలిలో ఎప్పుడూ కిందికే దిగుతూ, ఆ దిగడంలోంచే ముందుకు పోయే వేగాన్ని సంపాదించుకుంటుంది. జారుబండ మీద పిల్లవాడు చేసేదీ అదే. అమెరికా ఇంజనీరు ఫ్రాన్సిస్ రొగాలో 1948లో పేటెంటు కోరిన మెత్తని రెక్కనుంచి పుట్టిన తొలి గ్లైడర్లు ఒక మీటరు దిగేలోగా సుమారు 4 మీటర్లు ముందుకు పోయేవి. నేటి పోటీ గ్లైడరు 15 మీటర్ల దాకా పోతుంది. జారుబండ వాలు అంతగా తగ్గిందన్నమాట.

భాగాల పేర్ల కోసం సంస్కృతం దాకా వెళ్ళనక్కర లేదు, మన పూరిల్లు చాలు. గుడ్డను వంపు తిప్పి నిలబెట్టే పుల్లలు బద్దలు, రెక్కకు అడ్డంగా పోయేది దూలం. నడుమ పైకి నిలిచే కంబాన్ని ఇంగ్లీషువారు కింగ్‌పోస్ట్ అన్నారు. అది వారి ఇంటికప్పు వడ్రంగంలోని మాటే కనుక, మన కప్పును మోసే నిట్టాడు దానికి చక్కగా సరిపోతుంది.

అయితే 1990ల నడిమికి వచ్చేసరికి పోటీ గ్లైడర్ల రూపకర్తలు ఈ నిట్టాడునే పీకేశారు. కంబమూ, దాని కొసనుంచి రెక్కలకు దిగే తీగలూ గాలికి అడ్డుపడి వేగాన్ని తినేస్తున్నాయి. కానీ రెక్కలు కిందికి వంగిపోకుండా పట్టి ఉంచేవి ఆ పైతీగలే కాబట్టి, అవి పోయాక ఆ బరువంతా దూలం మీద పడింది. అందుకే దాన్ని కార్బన్ నారతో గట్టిగా చేయవలసి వచ్చింది. నిట్టాడుకు ఇంకొక పని కూడా ఉండేది. ముక్కు మరీ కిందికి వాలినప్పుడు, పైనుంచి కట్టిన సన్నని తాళ్ళు గుడ్డ వెనుక అంచును ఎత్తిపట్టి ముక్కును మళ్ళీ పైకి లేపేవి. ఇప్పుడు ఆ పని రెక్కకొసల దగ్గర గుడ్డ లోపల దాగిన రెండేసి కడ్డీలది. వాటిని ఇంగ్లీషులో స్ప్రాగ్‌లంటారు, నేనైతే ఊతపుల్లలంటాను. వీటిని కాస్త దించితే వేగం పెరుగుతుంది, ప్రాణరక్షణ తరుగుతుంది. ప్రపంచ పోటీల్లో వీటి కోణాన్ని కొలిచేది అందుకే.

ఎగురుతూ ఉండగానే పైలట్ లాగే తాడు ఒకటుంది. అది దూలాన్ని వెనక్కి జరిపి రెక్కలను విప్పార్చి, నులకమంచం బిగించినట్టు గుడ్డను బిగిస్తుంది. వాలు తగ్గుతుంది గానీ, అప్పుడు పైలట్ తన ఒళ్ళు పక్కకు ఊపినా రెక్క సులభంగా తిరగదు. దీనికి ‘బిగింపుతాడు’ చాలదా?

ప్రశ్న:
నిట్టాడు బాగుంది, తీసుకుంటాను. కానీ 2012లో డస్టిన్ మార్టిన్ అనే పైలట్ హ్యాంగ్ గ్లైడర్ మీద అమెరికా టెక్సాస్‌లోని జపాటా నుంచి 764 కిలోమీటర్లు ఎగిరారు. అంత దూరాన్ని కూడా జారడమే అంటారా మాస్టారూ?

సమాధానం:
అంటాను. ఆయన రెక్క గాలిలో ఆసాంతం జారుతూనే ఉంది. వేడెక్కిన గాలి అంతకంటే జోరుగా పైకి లేచిన చోటల్లా గద్దలాగా చక్కర్లు కొట్టి, పోయిన ఎత్తును తిరిగి సంపాదించుకున్నారు. జారింది రెక్క, ఎక్కించింది గాలి. మీ వాక్యంలో ఈ రెంటికీ రెండు క్రియలు వాడండి, పిల్లలకు చిక్కు ఉండదు.

ప్రశ్న:
ఒప్పుకున్నాను. మరి నిట్టాడు లేని రకాన్ని ఇంగ్లీషులో ‘టాప్‌లెస్’ అంటున్నారు. పిల్లల పుస్తకంలో దాన్ని మాటకు మాట దించలేను కదా!

సమాధానం:
దించకండి. కొమ్ముల్లేని ఆవు బోడి ఆవు, చెట్టు లేని గుట్ట బోడిగుట్ట. ‘బోడిరెక్క’ అనండి. కొంచెం చులకనగా వినిపిస్తుందని మీ పరిష్కర్త గారు అభ్యంతరపెడితే, ‘నిట్టాడు లేని రెక్క’ ఎలాగూ ఉంది.