ఇమ్మిగ్రేషన్ లా ఆఫీసులో సమ్మర్ ఇంటర్న్‌షిప్: వెళ్లే ముందు ఏం తెలిసి ఉండాలి?

లా_ఫస్ట్_ఇయర్:
ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) మీద జేడీ (లా డిగ్రీ) మొదటి ఏడాది మేలో అయిపోతుంది. న్యూజెర్సీలో హెచ్-1బీ (వర్క్ వీసా), పెర్మ్ (గ్రీన్‌కార్డ్‌కు కావాల్సిన కార్మిక శాఖ సర్టిఫికేషన్) కేసులు చూసే చిన్న ఆఫీసులో జూన్ నుంచి పది వారాలు ఇంటర్న్‌షిప్ ఖాయమైంది. జీతం లేదు. సీపీటీ (చదువులో భాగంగా పని చేసే అనుమతి) ఇంకా రాలేదు, వాళ్లేమో వారం ముందే వచ్చి ఊరికే పని చూడమంటున్నారు. వెళ్లొచ్చా? అసలు ఇంటర్న్‌తో చేయించే పని ఏంటి?

ఐ20_అన్న:
వెళ్లకండి. జీతం లేదు కదా, సీపీటీ ఎందుకులే అనుకునే చాలామంది ఇరుక్కుంటున్నారు. కొత్త ఐ-20 (కాలేజీ ఇచ్చే స్టూడెంట్ పత్రం) రెండో పేజీలో ఆ ఆఫీసు పేరు, మొదలు తేదీ, ముగింపు తేదీ పడి, ఆ తేదీ వచ్చాకే పనిలో దిగాలి. అంతకుముందు చేసింది అనుమతి లేని పని అని తేలితే గ్రీన్‌కార్డ్ దాకా వెంటాడుతుంది.

సీపీటీకి యూఎస్‌సీఐఎస్ (ఇమ్మిగ్రేషన్ శాఖ) దరఖాస్తు ఉండదు, కాలేజీలో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే డీఎస్‌వోనే సెవిస్‌లో (ప్రభుత్వ విద్యార్థి రికార్డుల సిస్టమ్) ఎక్కిస్తారు. పూర్తి విద్యా సంవత్సరం చదివి ఉండాలి. ఆఫర్ లెటర్‌లో పని వివరం, చిరునామా, వారానికి గంటలు, తేదీలు రాయించుకోండి. ఇంటర్న్‌షిప్ మీ కోర్సులో భాగమని చూపాలి కాబట్టి ఎక్స్‌టర్న్‌షిప్ క్రెడిట్‌కు (బయట చేసే పనికి కాలేజీ ఇచ్చే క్రెడిట్) ముందే రిజిస్టర్ అవ్వండి, ఎక్కువ ఆలస్యం అక్కడే. వారానికి 20 గంటలు దాటితే ఫుల్‌టైమ్ కింద లెక్క. ఫుల్‌టైమ్ సీపీటీ 12 నెలలు నిండితేనే ఓపీటీ (చదువయ్యాక పని చేసే అనుమతి) పోతుంది, పది వారాలకు భయం లేదు. ఆఫీసువాళ్లు ఇంకో వారం ఉండమంటే మాత్రం ముందు ఐ-20లో తేదీ మార్పించుకోవాలి.

కేస్_డెస్క్:
జూన్ అంటే హెచ్-1బీ క్యాప్ (ఏటా ఇన్నే అనే కోటా) కేసులకు చివరి నెల. మార్చి రిజిస్ట్రేషన్‌లో ఎంపికైనవాళ్లకు ఏప్రిల్ 1 నుంచి పిటిషన్ వేయడానికి కనీసం 90 రోజులు ఇస్తారు, మామూలుగా జూన్ 30తో సరి. మీకొచ్చేది ప్యాకెట్ కూర్చే పని: జీ-28 (అటార్నీ హాజరు ఫారం), ఐ-129 (హెచ్-1బీ పిటిషన్ ఫారం), ఎంపిక నోటీసు, ఎల్‌సీఏ (జీతం, పనిచోటుపై కార్మిక శాఖకు కంపెనీ ఇచ్చే దరఖాస్తు), కంపెనీ సపోర్ట్ లెటర్, చదువు కాగితాలు, పాస్‌పోర్ట్, ఐ-94 (దేశంలోకి వచ్చిన రికార్డు).

కూర్చడం ఎవరైనా చేస్తారు. ఏ రెండు కాగితాలు ఒకదానితో ఒకటి పొసగడం లేదో పట్టుకుంటేనే మీరు అక్కరకొచ్చినట్టు. వర్క్‌సైట్ చిరునామా ఎల్‌సీఏలో ఒకటి, ఐ-129లో ఇంకొకటి ఉంటే కొత్త ఎల్‌సీఏ వేయాల్సి రావచ్చు. దానికి కార్మిక శాఖ ఏడు పని దినాలు తీసుకుంటుంది కాబట్టి జూన్ చివరి వారంలో బయటపడ్డ తప్పుకు మందు లేదు. ప్రతి ఫారం అడుగున ఎడిషన్ తేదీ చూడండి, పాతదైతే తిప్పి పంపేస్తారు. ఎప్పటిదాకా ఉండొచ్చన్నది వీసా స్టాంప్ చెప్పదు, ఐ-94 చెబుతుంది. పాస్‌పోర్ట్ గడువు దగ్గర్లో ఉంటే ఐ-94ను కూడా అక్కడికే కుదించి ఇచ్చే అవకాశం ఉంది.

మనవాళ్ల ఫైళ్లలో పేర్లు ప్రత్యేకంగా చూడాలి. పాస్‌పోర్ట్‌లో పేరంతా ఒకే గడిలో ఉంటే వీసా మీద ఎఫ్‌ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) పడుతుంది. టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందుంటుంది, పేస్లిప్‌లో వెనక. 05-06-1998 అంటే మనకు జూన్ 5, ఇక్కడివాళ్లకు మే 6. జేఎన్‌టీయూవాళ్లు పీసీ (ప్రొవిజనల్ సర్టిఫికెట్), సీఎంఎం (అన్ని మార్కుల మెమో) పంపి ఓడీ (ఒరిజినల్ డిగ్రీ) ఇంకా తీసుకోలేదంటారు, మొదటి రోజే అడగండి. మూడేళ్ల డిగ్రీ కనిపిస్తే వెంటనే అటార్నీకి చెప్పండి. గ్రీన్‌కార్డ్ ఫైల్లో తెలుగు బర్త్ సర్టిఫికెట్ ఉంటే అనువాదం ముద్రలతో సహా పూర్తిగా ఉండాలి. అది సరైనదేనని, రెండు భాషలూ తనకు వచ్చని అనువాదకుడు సంతకం చేయాలి.

లా_ఫస్ట్_ఇయర్:
చాలా థ్యాంక్సండి. క్లయింట్లలో తెలుగువాళ్లే ఎక్కువట. ఫోన్‌లో "కేసు ఎక్కడిదాకా వచ్చింది, ఇండియా వెళ్లి రావొచ్చా" అంటే ఏం చెప్పాలి?

పెర్మ్_పని:
మొదటిదానికి రిసీట్ నంబర్‌తో చూసి ఉన్న స్టేటస్ చెప్పొచ్చు. రెండోది లీగల్ సలహా, మీరు చెప్పకూడదు. హెచ్-1బీకి చేంజ్ ఆఫ్ స్టేటస్ (ఇక్కడ ఉంటూనే హెచ్-1బీకి మారే దరఖాస్తు) పెండింగ్‌లో ఉండగా దేశం దాటితే ఆ కోరిక వదులుకున్నట్టే అవుతుంది, "వెళ్లి రండి" అన్న ఒక్క మాటతో అంత జరుగుతుంది. ఎంత తెలిసినవాళ్లైనా సరే, "అటార్నీగారితో మాట్లాడిస్తాను" అనండి, ఎవరు ఏం అడిగారో ఫైల్లో నోట్ పెట్టండి.

పెర్మ్ ఇస్తే ముందు తేదీల పట్టిక వేసుకోండి. ఆ ఉద్యోగానికి ఇక్కడివాళ్లు దొరకలేదని చూపడానికి చేసేవి ఇవి: రెండు ఆదివారాల పేపర్ ప్రకటనలు, 30 రోజుల స్టేట్ జాబ్ ఆర్డర్ (రాష్ట్ర ఉద్యోగ సంస్థ దగ్గర ప్రకటన), ఆఫీసులో వరసగా పది పని దినాలు నోటీసు, ప్రొఫెషనల్ ఉద్యోగమైతే ఇంకో మూడు ప్రకటన పద్ధతులు. ఇవి ఫైలింగ్‌కు 30 నుంచి 180 రోజుల ముందు జరిగి ఉండాలి, ఆ మూడింట్లో ఒకటి మాత్రం చివరి 30 రోజుల్లో పడినా చెల్లుతుంది. ప్రకటన ముక్క ఒక్కటే కత్తిరించకుండా తేదీ కనిపించే పేజీ మొత్తం ఉంచండి, ఆడిట్ వస్తే అడిగేది అదే. పెర్మ్ సర్టిఫై అయ్యాక 180 రోజుల్లో ఐ-140 (గ్రీన్‌కార్డ్‌కు కంపెనీ వేసే పిటిషన్) వెళ్లకపోతే మళ్లీ మొదటి నుంచే.